నా చెమటకు ఆగే తీగలు

నా చేతులకు చెమట ఎక్కువ. ఎండాకాలం అందరికీ పట్టే చెమట సంగతి కాదు నేను చెప్పేది. చలికాలం పొద్దున దుప్పటి కప్పుకొని కూర్చున్నా నా అరచేతులు కారుతూనే ఉంటాయి. రేషన్ షాపులో వేలిముద్ర మిషను నన్ను నేనేనని ఒప్పుకోవాలంటే నాలుగుసార్లు లుంగీకి తుడుచుకోవాలి. పదో తరగతిలో నా జవాబు పేపరు దిద్దిన సారు, ఈ పిల్లగాడు ఏడ్చుకుంటూ రాశాడనుకొని ఉంటాడు. జవాబులు చదివాక ఎందుకేడ్చాడో కూడా అర్థమై ఉంటుంది.

ఇలాంటి చేతులున్నవాడు పెట్టుకోకూడని పనులు రెండు. ఒకటి కరెంటు పని, రెండు తీగల వాయిద్యం. నాకు రెండూ ఉన్నాయి. వారంలో ఆరు రోజులు వనపర్తిలో ఒక వైండింగ్ షాపులో, కాలిపోయిన మోటర్లకు కొత్త రాగి తీగ చుడతాను. ఆదివారం మా చర్చిలో బేస్ గిటారు వాయిస్తాను. బేస్ అంటే మామూలు గిటారు కంటే పొడుగ్గా, నాలుగే లావు తీగలతో, పాటను కిందినుంచి మోసే వాయిద్యం. కుడిచేత్తో మీటాలి, ఎడమచేతి నాలుగు వేళ్లతో తీగను కర్ర మీద అదిమి పట్టాలి. ఆ నాలుగు వేళ్లలో చివరిదాని గురించే ఇదంతా. అది ఎలా పోతూ వచ్చిందో, అది పోతున్న రోజుల్లో నేను తీగల కోటింగ్ గురించి ఎంత శ్రద్ధగా ఆలోచించానో.

మామూలు తీగలు నా చేతిలో మూడు ఆదివారాలు బతికేవి. మొదటి ఆదివారం గంటలాగ మోగేవి. రెండో ఆదివారానికి జలుబు చేసేది. మూడో ఆదివారానికి వేళ్లకు తుప్పు అంటేది. ఆరాధన అయ్యాక చెయ్యి కలిపినవాళ్లు పక్కకు తిరిగి చెయ్యి వాసన చూసుకునేవాళ్లు.

కొత్తవి కొందామని గద్వాల పోయాము, నేనూ మా బావ. బావ అంటే మా మేనత్త కొడుకు. చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు, మిగతా రోజుల్లో ట్రాలీ ఆటో నడుపుతాడు. రెండింటిలోనూ బ్రేకు వాడే అలవాటు తక్కువ. గద్వాల షాపాయన మేం అడిగింది మర్యాదగా విని, లోపలికి పోయి, బట్టలారేసే తీగ చుట్ట తెచ్చాడు.

"ఇది తుప్పు పట్టది తమ్మీ. పైన ప్లాస్టిక్ ఉంటది," అన్నాడు.

మేం నవ్వుకుంటూ తిరిగొచ్చాము గానీ ఆయన చెప్పింది సగం నిజం. నాకు కావలసింది అదే, పైన పొర ఉన్న తీగ. ఫోన్లో వెతికితే దొరికాయి. బేస్ తీగ మీద వెంట్రుకలో పదోవంతు మందాన పొర వేస్తారట. చెమట ఇనుముకు అంటదు. నాలుగింతలు ఎక్కువ కాలం వస్తాయని రాసుంది.

షాపులో మధ్యాహ్నం డబ్బాలు విప్పుకొని తింటూ బావకు చూపించాను.

"పైన పొర ఉంటే సౌండు బయటికెట్ల వస్తది రా?" అన్నాడు.

"పొర చెమటను ఆపుతది బావా, సౌండును గాదు."

"నీకు రెండూ ఒకటే గదరా బామ్మర్ది. రెండూ అడగకుండనే కారుతయ్."

మా షాపు యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు. అరవై దాటిన మనిషి. వినపడనట్టే ఉండి అన్నీ వింటాడు. ఆయన రొట్టె నములుతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"పొర చుట్టకముందు పూసిండ్రా, చుట్టినంక పూసిండ్రా?"

ఫోన్లో వందమంది రాసిన అభిప్రాయాలు చదివాను, ఒక్కరికీ ఈ ప్రశ్న రాలేదు. బేస్ తీగ కూడా ఒక వైండింగే. మధ్యలో ఉక్కు తీగ, దానిమీద సన్నటి తీగ దగ్గరదగ్గరగా చుట్టి ఉంటుంది. మా పనిలోనూ ఇదే లెక్క. రాగి తీగకు ఎనామిల్ పొర ముందే ఉంటుంది, చుట్టడమంతా అయ్యాక పైన వార్నిష్ పోస్తాం. ఎనామిల్ ఎక్కడ గీరుకుపోయినా మోటరు కాలుతుంది. నా జీతం మొత్తం వేరేవాళ్ల కోటింగ్ పోవడం మీదే నడుస్తున్నది.

చుట్టకముందు పూసినవైతే వేలికి ఇనుములాగే తగులుతాయి, మోత బాగుంటుంది, కానీ చుట్టుకు చుట్టుకు మధ్య సందులో చెమట దిగుతుంది. చుట్టినంక పూసినవైతే సందులు కూడా మూసుకుపోతాయి, ఎక్కువకాలం ఆగుతాయి, కానీ వేలికి సబ్బు రాసినట్టు జారుడుగా ఉంటాయి. మోతకా, ఆయుష్షుకా అని రెండు రోజులు కొట్టుకున్నాను.

మధ్యలో ఉస్తాద్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. "కొనుడెందుకు? మన వార్నిష్‌ల ముంచు." ముంచాను. పాత తీగల సెట్టు ఒకటి వార్నిష్‌లో ముంచి, రెండు రోజులు రేకుల మీద ఎండబెట్టి బిగించాను. మీటితే పరుపును కర్రతో కొట్టిన చప్పుడు వచ్చింది. బావ కాసేపు శ్రద్ధగా విని, "ఎవరో చచ్చిండ్రు," అన్నాడు. ఉస్తాద్ మాత్రం ఒప్పుకోలేదు. "మోటరైతే నడుస్తుండె," అన్నాడు.

చివరికి చుట్టినంక పూసినవే తెప్పించాను. ఆయుష్షు వైపు మొగ్గాను.

అవి ఆగాయి. నెల ఆగాయి, రెండు నెలలు ఆగాయి. ఐదో నెలకు కూడా తుప్పు లేదు, వేలికి వాసన లేదు. నేనంత ఆనందంగా ఏ వస్తువు గురించీ మాట్లాడలేదు. కొన్నచోట ఫోన్లోనే ఐదు చుక్కలు పెట్టి, 'నా చెమటకే ఆగాయంటే మీకు తరతరాలు వస్తాయి' అని రాశాను. చాలామంది దాన్ని ఉపయోగకరంగా ఉందని నొక్కారు. ఆ మాట ఇప్పటికీ అక్కడే ఉంది. తీసేద్దామని రెండుసార్లు తెరిచాను. ఏమని మార్చి రాయాలో తోచక మూసేశాను.

ఎందుకంటే ఆ నెలల్లోనే చిటికెన వేలు జారడం మొదలైంది. పాట మధ్యలో అది తీగ మీదికి పోతుంది, కానీ అదమదు. పక్కింటికి పోయి తలుపు కొట్టకుండా తిరిగొచ్చినట్టు. కోటింగ్ జారుడు కదా, అందుకే అనుకున్నాను. అభిప్రాయాల్లో కూడా రాశారు, అలవాటు కావడానికి టైము పడుతుందని. నేను అలవాటు పడుతున్నాననుకున్నాను. షాపులో సన్న స్క్రూలు చేతిలోంచి పడిపోయేవి. సోల్డరింగ్ చేశాక వేలి పక్కన చిన్న బొబ్బ కనపడేది, ఎప్పుడు కాలిందో గుర్తుండేది కాదు. వైండింగ్ పనివాడికి బొబ్బలు హాజరు పట్టీ లాంటివి, ఎవరు లెక్కపెడతారు. ఎడమ మోచేతి కింద పావలా బిళ్లంత తెల్లమచ్చ కూడా ఉండేది. శోభి అనుకున్నాను. వార్నిష్ పడితే అట్లనే అయితదిలే అని ఉస్తాద్ అన్నాడు. ఇద్దరం వైద్యులమే.

ఆ రోజుల్లోనే మా వాడకు ఆశా అక్క వచ్చింది. ఇంటింటికీ తిరిగి రాసుకుంటున్నది. మా అమ్మ కూలికి పోయింది. నేనొక్కణ్ణే గడపలో కూర్చొని పళ్లు తోముకుంటున్నాను.

"తమ్మీ, మీ ఇంట్ల ఎవరికన్న ఒంటిమీద మచ్చలున్నయా?" అంది.

నేను బ్రష్షు నోట్లోంచి తీసి, చెయ్యి గుండెమీద పెట్టుకొని, "మాది మచ్చలేని కుటుంబం అక్కా," అన్నాను.

ఆమె పడీపడీ నవ్వింది. పక్కింటామె కూడా నవ్వింది. ఆశా అక్క నవ్వుతూనే లేవని రాసుకొని, తలుపు మీద సుద్దముక్కతో గీత గీసి, తర్వాతింటికి పోయింది. నా జీవితంలో అంత బాగా పేలిన జోకు లేదు. గుండెమీద పెట్టుకున్నది ఎడమచెయ్యే. మచ్చ ఆమె ముఖానికి మూరెడు దూరంలో ఉంది. ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. అడగాల్సింది అడిగింది, నేను చెప్పాల్సింది చెప్పలేదు, మాట మాత్రం బాగా కుదిరింది. తర్వాత డాక్టరమ్మ నెలలు లెక్కగట్టినప్పుడు, ఆ పొద్దుటికీ నేను ఆమె దగ్గరికి పోయిన పొద్దుటికీ మధ్య నాలుగు నెలలు తేలాయి. ఒక్క జోకుకు నాలుగు నెలలు. మామూలుగా నా జోకులకు ఎవరూ అంత ఇవ్వరు.

కోతల పండుగ దగ్గర పడింది. మా చర్చిలో ఏడాదికొకసారి అందరూ వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు తెచ్చి ముందర పెడతారు, వాటిని పాట పాడుకుంటూ వేలం వేస్తారు. ఆ రోజు సంగీతం గట్టిగా ఉండాలి. ప్రాక్టీసులో నేను వరసగా మూడుసార్లు ఒకేచోట తప్పాను. పైకి పోవలసిన స్వరం పోలేదు. బావ డ్రమ్ము ఆపాడు.

"ఏంది రా, గుమ్మడికాయ మీద కన్నేసినవా?"

"తీగలు పాతవైనయి బావా."

"ఇన్నొద్దులు బంగారమంటివి గదా!"

"బంగారమే. పాత బంగారం."

పాస్టరయ్య అక్కడే కూర్చొని ఉన్నాడు. పాటలన్నీ ఆయన గొంతుకు సరిపడే ఒకే శృతిలో ఉంటాయి. ఆ శృతి దాటితే ఆయన దగ్గుతాడు. అందుకని ఏడాది పొడుగునా నా ఎడమచెయ్యి గిటారు కర్ర మీద ఒకేచోట ఉంటుంది. నాలుగు వేళ్లకు నాలుగు గడులు, ఎవరి గడి వాళ్లది, ప్లాట్లు చేసి పంచినట్టు. ఈ సంగతి అప్పుడు ఎందుకూ పనికిరానిది.

మర్నాడు కొత్త సెట్టు వేద్దామని, షాపులో మధ్యాహ్నం పాత తీగలు విప్పాను. ఎండలో పెట్టి చూస్తే ఒక వింత కనపడింది. చూపుడువేలు, నడిమి వేలు ఆనే చోట కోటింగ్ లేచిపోయి, దారప్పోగుల్లాగ పీచులు వచ్చి, కింద ఇనుము నల్లబడి ఉంది. ఉంగరం వేలి చోటు సగంసగం. చిటికెన వేలు ఆనే చోట తీగ కొత్తది. తళతళలాడుతున్నది. నాలుగు తీగలూ అంతే.

నాకు కోపం వచ్చింది. కంపెనీవాడు సగం తీగకు మంచి పూత, సగం తీగకు నాసి పూత వేశాడని. ఫొటో తీసి, ఫిర్యాదు పెడదామని కూర్చున్నాను. చిటికెన వేలి చోట మంచిగా ఉంది కాబట్టి అక్కడ మంచి పూత, మిగతాచోట మోసం. ఇదీ నా తర్కం. పదేళ్లుగా కాలిన కాయిళ్లు చూసి, ఎక్కడ షార్టయిందో వాసన పట్టి చెప్పేవాణ్ణి నేను.

అప్పుడే షాపులో ఒక పెద్దాయన తన బోరు మోటరు కోసం కూర్చొని ఉన్నాడు. నాగర్‌కర్నూల్ అవతల ఊరు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. రిటైరైన ఉద్యోగి అని చూస్తేనే తెలుస్తుంది, ఏ ఉద్యోగమో అడగలేదు. నేను ఆయనకు తీగ చూపించి నా బాధ చెప్పుకున్నాను. మనిషి దొరికితే చాలు నాకు.

"చూడు పెద్దాయనా, ఈడ పాడైంది, ఈడ కొత్తగున్నది. ఎంత మోసమో చూడు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తీగను చూడలేదు. నా చెయ్యి చూశాడు.

"ఈడ ఏ వేలు పెడతవు?"

"చిటికెన వేలు."

"నీ చేతికి చెమటలెక్కువనా?"

"కుంట నింపుత."

"ఈ వేలికి పడుతున్నదా?"

నేను చూసుకున్నాను. అరచెయ్యి తడిగా ఉంది. చూపుడువేలు తడి, నడిమి వేలు తడి. చిటికెన వేలు ఎండిన చింతకాయలాగ ఉంది. ఆ పక్క అరచేతి అంచు కూడా. ఎన్నాళ్లుగా అట్లా ఉందో నాకు తెలియదు. పుట్టినప్పటినుంచి తుడుచుకోవడమే అలవాటు కదా, ఎండిపోయినచోటు ఎందుకు చూస్తాను.

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "కండ్లు మూసుకో. నేను యాడ తాకిస్తే ఆడ వేలుతోని చూపియ్యి."

మూసుకున్నాను. చూపుడువేలు. చూపించాను. అరచెయ్యి మధ్య. చూపించాను. తర్వాత ఏమీ లేదు. షాపులో గ్రైండరు చప్పుడు వినపడుతున్నది.

"ఇగ తాకియ్యి పెద్దాయనా, నిద్రొస్తుంది," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. కళ్లు తెరిచాను. పెన్ను మొన చిటికెన వేలి మీదే ఉంది. ఆయన దాన్ని నొక్కి పట్టుకొని ఉన్నాడు, చర్మం గుంట పడింది. ఉస్తాద్ గ్రైండరు ఆపి, మావైపు చూస్తూ నిలబడ్డాడు.

పెద్దాయన నా మోచెయ్యి పట్టుకొని లోపలివైపు వేలితో వెతికాడు. తలుపుకు తగిలితే జివ్వుమని షాక్ కొడుతుందే, ఆ చోటు. అక్కడ ఒక నరం తాడులాగ లేచి ఉంది. "నేను నలభై ఏండ్లు ఇదే పని చేసిన బిడ్డా. ఊర్లు తిరిగి మచ్చలు చూసుడు," అన్నాడు. "రేపే జిల్లా దవాఖానకు పో. మందులు పుక్కటకే ఇస్తరు. పో, మళ్లా జోకులేసుకుంట కూసోకు."

ఆయన రోగం పేరు చెప్పలేదు. ఆ పేరు మా దగ్గర ఎవరూ చెప్పరు. పెద్దరోగం అంటారు. నాకు ఆ మాట తట్టగానే వచ్చిన మొదటి ఆలోచన సిగ్గుపడాల్సింది: చిన్నప్పటినుంచి చిన్న ఉద్యోగం, చిన్న జీతం, చిన్న ఇల్లు. పెద్దది ఒకటైనా దొరికింది.

దవాఖానలో డాక్టరమ్మ నాకంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. భయపెట్టలేదు. మందు మింగుడు మొదలైతే ఎవరికీ అంటదని మూడుసార్లు చెప్పింది. ఏడాది మాత్రలు. మొదటి మాత్ర అక్కడే ఆమె ముందర మింగాను. మూత్రం ఎర్రగా వస్తది, భయపడొద్దు అంది. ఒంటి రంగు నల్లబడతది అంది. "అది ఎవరూ గమనించరు మేడం," అన్నాను. నరం వాపుకు వేరే మాత్రలు ఇచ్చింది. చిటికెన వేలికీ, ఉంగరం వేలిలో ఒక సగానికీ ఒకే నరం పోతుందట. ఉంగరం వేలిలో రెండో సగం వేరే నరానిది. ఒక వేలిని అన్నదమ్ముల్లాగ పంచుకున్నాయి. తీగ మీద సగంసగం ఎందుకు చెడిందో అక్కడ తెలిసింది.

"నరానికి పైన తొడుగు లెక్క ఉంటుంది. ఈ రోగం దాన్ని పట్టుకుంటుంది," అంటూ ఆమె కాగితం మీద బొమ్మ గీయబోయింది.

"తెలుసు మేడం, నేను వైండింగే చేస్త," అన్నాను. బొమ్మ వద్దన్నాను. అంతకంటే బాగా అర్థమైతే తట్టుకోలేననిపించింది.

"వేలు వస్తదా మేడం?"

"తొందరగా వచ్చినవాళ్లకు చాలావరకు వస్తుంది," అంది. నేను తొందరగా వచ్చానా లేదా అన్నది ఆమె చెప్పలేదు. తెల్లమచ్చ ఎప్పుడు చూసుకున్నావని మాత్రం అడిగి, నెలలు రాసుకుంది.

ఇంట్లో నేనూ మా అమ్మే. సాయంత్రం ఆమె కూలినుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక చెప్పాను. ఆమె చాలాసేపు పొయ్యి ఊదింది. మాది గ్యాస్ పొయ్యి.

"ఎవరికి చెప్పినవ్?"

"ఉస్తాద్‌కు ఎరుకే. ఇంకెవరికీ చెప్పలె."

"చెప్పకు. కరెంటు షాక్ కొట్టిందని చెప్దాం."

నాకు అన్నం పెట్టింది. నేను సగం తిని లేచాను. ఆమె నా పళ్లెంలోనే, నేను మిగిల్చిన అన్నంలోనే పులుసు పోసుకొని తిన్నది. ఇంట్లో పళ్లేలు ఐదున్నాయి. నాకేసి చూడలేదు. అన్నం పారేస్తావా అని కోపమేమో అనుకున్నాను, అట్లా అనుకుంటేనే అక్కడ నిలబడగలిగాను.

షాకు కథ ఐదు వారాలు నడిచింది. వాడలో ఆడవాళ్లు ఇద్దరు షాపుకు వచ్చి, పిల్లగాన్ని సంపుతవా అని ఉస్తాద్‌ను తిట్టిపోయారు. ఆయన తలవంచుకొని తిట్లన్నీ తిన్నాడు. వాళ్లు పోయాక, "నాకు ఇంట్ల అలవాటే," అని పనిలో పడ్డాడు. కానీ ప్రతినెలా దవాఖానలో మాత్రల కోసం నేను నిలబడే కిటికీ అందరికీ తెలిసిన కిటికీ. ఎవరు చూశారో తెలియదు. ఒక ఆదివారం స్టేజీ ముందు ఎప్పుడూ ఇరుకుగా ఉండే రెండు చాపలు ఖాళీగా ఉన్నాయి. బేసు మోత గుండెకు మంచిది కాదని వాళ్లందరికీ ఒకేసారి తెలిసినట్టుంది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన వచ్చి బావతో మాట్లాడాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"పిల్లగాన్ని కొన్నొద్దులు రెస్ట్ తీస్కోమను. పిల్లలు తిరుగుతుంటరు గదా."

బావ వైరు చుట్టడం ఆపాడు. "డాక్టరమ్మ అంటదన్నదా మామా?"

"డాక్టరమ్మకేం, ఆమె మన చర్చికొస్తదా?"

"మరైతే నన్ను గూడ రెస్ట్ తీస్కోమను. వీడు నా బండెక్కుతడు, నేను వీని నీళ్లు తాగుత. నా కట్టెపుల్లలు గూడ వీడే పట్టుకుంటడు."

సంఘపెద్ద చూపు డ్రమ్ము పుల్లల మీదికి పోయింది, బావ నిజంగానే పోతాడేమోనని లెక్క వేసుకున్నట్టు. సంఘంలో డ్రమ్స్ వచ్చినవాడు ఇంకొకడు లేడు. బావ బాగా వాయిస్తాడని ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

పాస్టరయ్య మర్నాడు పొద్దున మా ఇంటికొచ్చి, గడప ముందర కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. వాడంతా చూస్తుండగా మా అమ్మ చేతి చాయ అడిగి తాగాడు. సాసర్లో పోసుకొని చప్పుడు చేసుకుంటూ, రెండు కప్పులు. చేతిని గురించి ఒక్కమాట అడగలేదు, ప్రార్థన కూడా చేయలేదు. బోర్ల సంగతి మాట్లాడి పోయాడు. తర్వాతి ఆదివారం చాపల మీద నలుగురు తిరిగొచ్చారు. మిగతావాళ్లు రాలేదు.

నేను వాయించడం మానలేదు. కానీ వాయించేది ఏమిటో నాకు తెలుసు. చిటికెన వేలు వంకర తిరిగి కొక్కెంలాగ అయింది. అది చేసే పనులు మిగతా మూడింటికి పంచాను. వాటికి చేతకాని స్వరాలు వదిలేశాను. వదిలేసిన స్వరాలు నాకు మాత్రమే వినపడేవి. ఇంకొకటి కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. తీగ వేలిని కోసినా తెలియదు కాబట్టి, ప్రతి పాట తర్వాత వేలిని చూసుకోవాలి. ఒకసారి బావ చెప్పేదాకా తీగ మీద నెత్తురు చూసుకోలేదు. పాట మధ్యలో ఆయన డ్రమ్ము కొడుతూనే గడ్డంతో నా చేతివైపు చూపించాడు. తుడుచుకొని తర్వాతి చరణం ఎత్తుకున్నాం.

నెలనెలా దవాఖానలో కాగితం పరీక్ష ఉండేది. ఫిజియోథెరపీ మేడం ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక కాగితం ముక్క పెడుతుంది. గట్టిగా పట్టుకోమంటుంది. లాగుతుంది. ఎంత ఆగితే వేలిలో అంత బలం ఉన్నట్టు. మొదటి నెల సర్రున వచ్చేసింది. రెండో నెల కొంచెం ఆగింది. మూడో నెల ఇంకొంచెం. ఆ నెల నేనింటికి వచ్చి పాత కరెంటు బిల్లులన్నీ వేళ్ల మధ్య పెట్టుకొని నాకు నేనే లాక్కున్నాను. కరెంటు ఆఫీసువాళ్ల కాగితాలు అంత ప్రేమగా పట్టుకున్నవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు. మా అమ్మ చూసి, ఆమె కూడా ఒక కొస పట్టుకొని లాగేది. నేను గెలవాలని ఆమె మెల్లగా లాగేది. అది నాకు తెలిసిపోయేది.

నరం వాపు మాత్రలు అయిపోయిన నెల పోయాను. మేడం కాగితం పెట్టింది.

"పట్టుకో."

"పట్టుకున్న."

"గట్టిగా పట్టుకో."

"పట్టుకున్న మేడం."

"పట్టుకోలేదయ్యా."

కిందికి చూశాను. కాగితం ఆమె చేతిలో ఉంది. ఎప్పుడు లాగిందో నాకు తెలియదు. నా వేళ్ల మధ్య సందు అట్లాగే ఉంది, నేను మాత్రం బలమంతా పెట్టి పట్టుకొనే ఉన్నాను, భుజం నొప్పి పుడుతున్నది.

"నేనైతే పట్టుకున్ననే అనుకుంటున్న మేడం," అన్నాను.

అది జోకు కాదు. కానీ నా నోటినుంచి వచ్చింది కాబట్టి ఆమె కొంచెం నవ్వింది. నవ్వి, కార్డు మీద రాసింది. చిటికెన వేలు ఇక ఇంతే ఉంటుందని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని, రోజూ నీళ్లలో నానబెట్టి నూనె రాసుకోమని, వేడి వస్తువులు చూసి పట్టుకోమని చెప్పింది. రోగం తగ్గిందని, మాత్రలు మిగతావి పూర్తిచేస్తే చాలని కూడా చెప్పింది. రెండూ ఒకే గొంతుతో చెప్పింది. ఏది మంచిమాటో ఏది చెడ్డమాటో నేనే వేరుచేసుకోవలసి వచ్చింది.

బయట వేపచెట్టు కింద బావ ట్రాలీలో కూర్చొని ఉన్నాడు. నా ముఖం చూసి, ఫోను చేతిలోకి తీసుకొని తీగలు అమ్మే పేజీ తెరిచాడు.

"సన్నవి కూడ ఉన్నయి రా. తక్కువ అదిమితే చాలంట. మూడు వేళ్లకు సరిపోతయి. పెట్టన్నా?"

"పెట్టు."

"మామూలువి పెడుతున్న. మోత బాగుంటదన్నవ్ గదా. ఇప్పుడు చెమట బాధ లేకపాయె."

"కోటింగువే పెట్టు బావా."

"ఎందుకు రా?"

"రెండున్నర వేళ్లకు ఇంకా పడుతుంది," అన్నాను.

ఆయన కోటింగువి ఉన్న పేజీ తెరిచి, చుట్టకముందు పూసినవా, చుట్టినంక పూసినవా అని అడిగాడు.